18 వేల జీతంలో మిగలాలంటే ముందు ఏది ఆపాలి, తర్వాత ఏది మొదలెట్టాలి

చెల్లెమ్మా, నువ్వు రాసింది మొత్తం చదివేను. మీ ఆయన పైడిభీమవరం కంపెనీలో కాంట్రాక్టు మీద వ్యాన్ డ్రైవరు, చేతికి 18 వేలు, బాబు ఎనిమిదో క్లాసు, పాపకి ఐదేళ్లు, అత్తగారికి పింఛను వస్తాది, రణస్థలం దగ్గర సొంతిల్లు, వెనకాల నాలుగు సెంట్ల పెరడు, బయట మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 50 వేలు. నెలాఖరుకి ఏటీ మిగలటం లేదు, లోన్ పెట్టి గేదెని కొనమంటారా, లేకపోతే ఫోన్లో వస్తున్న ఇంటి దగ్గర పని ఏదైనా చెయ్యమంటారా అని అడిగేవు. నేను రాజాం వైపు చాలా ఏళ్లు డ్వాక్రా సంఘాలకి పుస్తకాలు రాసిన మనిషిని, ఎవరింట్లో డబ్బు ఎటు వస్తాదో ఎటు పోద్దో ఆ పుస్తకాల్లోనే చూసేను, దాన్ని బట్టి చెప్తన్నాను. గేదె ఇప్పుడు వద్దు, ఫోన్లో పని అసలే వద్దు, ముందు ఆ మూడు రూపాయల వడ్డీ సంగతి చూడు.

మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి మూడు, ఏడాదికి 36. నీ 50 వేలకి నెలకి 1,500, ఏడాదికి 18 వేలు. అంటే మీ ఆయన ఏడాదంతా బండి తోలితే అందులో ఒక నెల జీతం పూర్తిగా ఆ అప్పిచ్చినాయనకే, అసలు మటుకు కదలకుండా అలగే కూర్చుని ఉంటాది. ఇది చూడకుండా కూరల దగ్గర ఐదు రూపాయలు బేరం ఆడి లాభం లేదమ్మా. ఇంట్లో పుస్తెలు కాకుండా గాజులో గొలుసో ఏదైనా ఉంటే బ్యాంకులో పెట్టు, బ్యాంకు గోల్డ్ లోన్ సుమారు ముప్పావలా నుంచి రూపాయి లోపు వడ్డీలోనే దొరుకుతాది, బంగారం బీరువాలో ఉండి నువ్వు మూడు రూపాయలు కట్టడంలో అర్థం లేదు. బంగారం లేకపోతే డ్వాక్రా. రూపాయి వడ్డీకే దొరికిందనుకో, నెలకి వడ్డీ 500. ఇక్కడే అందరూ చేసే పని ఒకటుంది, వెయ్యి మిగిలింది కదాని ఖర్చు పెట్టేస్తారు. నువ్వలగ చెయ్యకు, ఇప్పుడు ఎలగూ 1,500 కట్టడం అలవాటు పడిపోయేవు కాబట్టి అదే 1,500 కట్టుకుంటూ పో, మూడున్నరేళ్ల లోపు అసలుతో సహా తీరిపోద్ది. ఇప్పుడు కడుతున్నది పదేళ్లు కట్టినా ఒక్క రూపాయి అసలు తగ్గదు.

డ్వాక్రాలో లేనని రాసేవు, ఎందుకు లేవో రాయలేదు. ఉన్న సంఘంలో ఖాళీ ఉంటే చేరు, లేకపోతే మీ వీధిలో పదిమంది కలిస్తే కొత్తది పెట్టుకోవచ్చు, మండలంలో వెలుగు ఆఫీసుకి వెళ్లి అడిగితే చెప్తారు. నెలనెలా పొదుపు, మీటింగులు, లోపల అప్పులు ఇచ్చి పుచ్చుకోవడం, టైముకి తిరిగి కట్టడం, పుస్తకాలు సరిగ్గా రాయడం, వీటినే పంచసూత్రాలంటారు, ఆరు నెలలు ఇవి సక్రమంగా నడిస్తే బ్యాంకు లింకేజీ లోన్‌కి అర్హత వస్తాది. టైముకి కట్టే సంఘాలకి 3 లక్షల వరకు లోన్ మీద వడ్డీ రాయితీ కూడా ఉంది. ఒక్క జాగ్రత్త, నీ వాటా లోన్ తీసి ఆడపడుచుకో పక్కింటి ఆవిడకో ఇవ్వకు. ఎంత దగ్గరోళ్లైనా సరే. వాళ్లు రెండు వాయిదాలు ఆపితే సంఘం మొత్తం వచ్చి నీ గుమ్మంలో కూర్చుంటాది, చుట్టరికమూ పోద్ది డబ్బూ పోద్ది. వారం వారం ఇంటికొచ్చి వసూలు చేసుకునే ఫైనాన్సులు కూడా అంతే, చూడ్డానికి చిన్న కట్టు లాగ ఉంటాది గాని వడ్డీ లెక్కేస్తే రెండు రూపాయల దగ్గరికి పోద్ది.

తర్వాత కిరాణా ఖాతా. నువ్వు రాయలేదు గాని జీతం మీద బతికే ఇళ్లలో ఖాతా పుస్తకం లేని ఇల్లు నేను తక్కువ చూసేను. ఖాతాలో సరుకు ఖరీదు ఎవరూ అడగరు, అదీ దాని గొడవ. ఒకసారి ఆ పుస్తకం తీసి కూర్చుని రెండు రంగుల పెన్నులతో గీతలు పెట్టు, బియ్యం పప్పు నూనె ఒక రంగు, పిల్లలు వెళ్లి తెచ్చుకున్న పది రూపాయల ప్యాకెట్లు, కూల్‌డ్రింకులు, మీ ఆయన బండెక్కుతూ తీసుకున్నవి ఇంకో రంగు. నెల మొత్తం కూడితే రెండో రంగు ఎంతుందో నీకే తెలుస్తాది, చాలా ఇళ్లలో అది వెయ్యి దాటుతాది. పిల్లలకి ఏటీ కొనొద్దని కాదు, వారానికింత అని వాళ్ల చేతికిచ్చి ఖాతాలో రాయొద్దని కొట్టాయనకి చెప్పీ. ఇంకో మాట, పెద్ద ప్యాకెట్ కొంటే చవక అని అందరూ అంటారు గాని షాంపూ లాంటివి చిన్న సాషేలే చవక పడతాయి చాలాసార్లు, వెనకాల ఎన్ని మిల్లీలీటర్లో చూసి భాగించుకో.

కోటా బియ్యం సంగతి కూడా చెప్పాలి. మనిషికి ఐదు కేజీలు ఊరకే వస్తాయి, వాటిని దళారీకి చవగ్గా అమ్మేసి బయట 50 రూపాయలు పెట్టి సన్నబియ్యం కొంటున్నారు. అమ్మడం ఎలగూ తప్పే. అన్నానికి పిల్లలు తినకపోతే దోసెల పిండికీ జంతికలకీ ఆ బియ్యం బ్రహ్మాండంగా ఉంటాయి, మీ అత్తగారిని అడిగితే ఇంకో పది రకాలు చెప్తాది. పొద్దున్న పూట చోడి అంబలి, అదే రాగి అంబలి, అలవాటు చేస్తే టిఫిన్ ఖర్చు సగం పోద్ది, పిల్లలు మొహం తిప్పుకుంటే కొంచెం బెల్లం వెయ్యి.

మన దగ్గర మినుములు, పెసలు వరి కోసిన చేలల్లోనే వేస్తారు కదా, ఫిబ్రవరి మార్చిలో పంట ఇంటికొస్తాది, ఏడాదికి సరిపడా మినుములు అప్పుడు రైతు దగ్గరే కొని బాగా ఎండబెట్టి డబ్బాల్లో పోసుకోవాలి. ధాన్యం కూడా సంక్రాంతి దాటాక కొని ఎప్పటికప్పుడు మిల్లుకి పట్టుకెళ్తే గిట్టుబాటే, 80 కేజీల బస్తా ఆడిస్తే సుమారు 52 కేజీల బియ్యం వస్తాయి, తవుడు అదనం. కాకపోతే దీనికి చేతిలో ఒకేసారి డబ్బుండాలి, నీకు ఈ ఏడాది కుదరదు, వచ్చే ఏడాది చూసుకో, దీనికోసం మటుకు అప్పు చెయ్యకు.

కరెంటు బిల్లు ఎలగ వేస్తారో తెలుసుకుంటే ఎక్కడ తగ్గించాలో తెలుస్తాది. మొదటి 30 యూనిట్లకి 1.90, అక్కడి నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6 రూపాయలు, 400 వరకు 8.75, ఆ పైన 9.75. మీ ఇంట్లో 150 యూనిట్లు కాలితే ఆఖరి 25 యూనిట్లకే 150 రూపాయలు పడతాయి, సర్దుబాటు చార్జీలు ఆ పైన. కాబట్టి తగ్గించే ప్రతి యూనిట్టూ ఆ ఖరీదైన పైమెట్టు నుంచే తగ్గుతాది. పాత ఫ్యాను 75 వాట్లు తింటాది, ఇప్పుడొస్తున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల చుట్టూ, రోజుకి 15 గంటలు తిరిగితే నెలకి 20 యూనిట్లు తేడా, అంటే 120 రూపాయలు. ఫ్యాను ఖరీదు 3 వేలనుకుంటే అది రాబట్టడానికి రెండేళ్లు దాటిపోద్ది, అందుకని బాగా తిరుగుతున్న ఫ్యాను పీకేసి కొత్తది కొనక్కర్లేదు. ఉన్నది కాలిపోయి వైండింగ్‌కి ఇవ్వాల్సి వచ్చినప్పుడు మటుకు ఆ డబ్బు దాని మీద పెట్టకుండా ఇది కొను.

గ్యాస్‌కి దీపం పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం, 2024 నవంబరు 1న మన జిల్లాలోనే ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలో మొదలెట్టేరు. ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడతాది. పడలేదని చాలామంది వదిలేస్తున్నారు, బ్యాంకు ఖాతాకి ఆధార్ సీడింగ్, అంటే ఆధార్ లింకు, లేకపోవడమే చాలాసార్లు కారణం, బ్యాంకులో ఒక్క పూట పని. ఆర్టీసీలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు కదా, ఆటో ఎక్కడం మానేస్తే అదొక మిగులు. అయితే ఊరకే వస్తుంది కదాని వారానికోసారి విజయనగరం బట్టల షాపుకి వెళ్తే ఆ మిగులు అక్కడ పోద్ది, నవ్వకు, అలగ జరుగుతోంది.

ఇప్పుడు మిగిలింది ఎక్కడ పెట్టాలి. జీతం పడిన రోజే తియ్యాలి, నెలాఖరుకి మిగిలితే దాచుదాం అంటే ఎవరింట్లోనూ మిగలదు. పోస్టాఫీసులో ఆర్‌డీ నెలకి 100 రూపాయల నుంచి కట్టొచ్చు, ఇప్పుడు వడ్డీ 6.7 శాతం, వెయ్యి చొప్పున ఐదేళ్లు కడితే నువ్వు కట్టింది 60 వేలు, వచ్చేది దాదాపు 71 వేలు. పెద్ద వడ్డీ కాదు, ఒప్పుకుంటాను, కాని ఏడాది కట్టేక అందులో సగం వరకు లోన్ తీసుకోవచ్చు, స్కూలు ఫీజు టైముకి మళ్లీ మూడు రూపాయల వడ్డీకి పరిగెట్టక్కర్లేదు, దాని అసలు లాభం అదీ. నీకైతే వడ్డీ అప్పు ఉన్నన్నాళ్లు 300 చాలు, అప్పు తీరేక పెంచు. పాపకి ఐదేళ్లే కాబట్టి సుకన్య ఖాతా తియ్యి, పదేళ్లు దాటితే ఇవ్వరు. ఏడాదికి 250 కట్టినా ఖాతా బతికుంటాది, వడ్డీ 8.2 శాతం, నెలకి వెయ్యి చొప్పున 15 ఏళ్లు కడితే ఖాతా తీసిన 21 ఏళ్లకి ఇదే వడ్డీ ఉంటే ఐదున్నర లక్షల చుట్టూ వస్తాది. వడ్డీని మూడు నెలలకోసారి గవర్నమెంటు చూసి మారుస్తాదిలే, ఆ లెక్క అటూ ఇటూ అవ్వొచ్చు.

డ్రైవరు భార్యవి కాబట్టి ఇది గట్టిగా చెప్తన్నాను. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల యాక్సిడెంటు ఇన్సూరెన్సు ఒకటి, 436 రూపాయల జీవిత బీమా ఒకటి ఉంటాయి, ఒక్కోదానికి 2 లక్షలు. మే నెలాఖరులో ఖాతాలోంచి కట్ అవుతాయి, ఆ టైముకి బ్యాలెన్సు లేకపోతే పాలసీ ఆగిపోద్ది, అదొక్కటీ చూసుకో. నామినీగా నీ పేరుందో లేదో కూడా చూడు, పెళ్లికి ముందు తీసిన ఖాతా అయితే అమ్మ పేరో నాన్న పేరో ఉండిపోద్ది. ఇంకోటి, మీ ఆయన పే స్లిప్‌లో ఈఎస్‌ఐ కటింగ్ ఉందేమో చూడమను. జీతం 21 వేల లోపు ఉంటే కాంట్రాక్టు వాళ్లకి కూడా వర్తిస్తాది, మీ ఆయన జీతంలోంచి పోయేది 0.75 శాతమే, దానికి నీకూ పిల్లలకీ వైద్యం వస్తాది, అత్తగారి పేరు కూడా రాయించుకునే వీలుందేమో అడుగు. మన వైపు ఇళ్లు మునిగిపోయేది పండగ బట్టల వల్ల కాదు, ఆసుపత్రి బిల్లు వల్ల. కార్డు తీసుకోకుండా ప్రైవేటుకి పరిగెట్టే వాళ్లని చాలామందిని చూసేను.

చీటీల గురించి అడగలేదు గాని ఎలగూ ఎవరో ఒకరు వచ్చి అడుగుతారు. రిజిస్టరైన చీటీలో మేనేజరు కమీషను 7 శాతం మించకూడదని చట్టం, ఏదైనా తేడా వస్తే అడగడానికి ఒక ఆఫీసు ఉంటాది. వీధిలో పెట్టే చీటీకి కాగితమే ఉండదు, ఆ మనిషి ముఖమే కాగితం, అది గుర్తుంచుకుని వెయ్యి. పండగ చీటీలైతే నాకస్సలు నచ్చవు, ఏడాదంతా వారం వారం నువ్వు కడతావు, సంక్రాంతికి వాళ్లకి నచ్చిన రేటుకి పప్పు, నూనె, ఒక స్టీలు గిన్నె ఇస్తారు, అదే డబ్బు నీ దగ్గర దాచుకుంటే నీకు నచ్చిన షాపులో నీకు నచ్చినవి కొనుక్కోవచ్చు. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి వాయిదాల మీద సెంట్లు అమ్మే వాళ్లు మీ రోడ్డు మీదే తిరుగుతుంటారు, లేఅవుట్ అప్రూవలూ రెరా నంబరూ చూపించమను, చూపించేక కూడా వాళ్లు తెచ్చిన కాగితం నమ్మకుండా విడిగా కనుక్కో.

ఇక సంపాదన. గేదె ఎందుకు వద్దన్నానంటే మీకు పొలం లేదు, గడ్డి కొనాలి, తవుడు కొనాలి, చెక్క కొనాలి. పాలకేంద్రం వాళ్లు వెన్న శాతం చూసి డబ్బిస్తారు, దాణా తగ్గితే పాలూ తగ్గుతాయి. పైగా ఏ గేదె ఏడాది పొడుగునా పాలివ్వదు, చూలు పదినెలలు, ఈనే ముందు రెండు మూడు నెలలు పూర్తిగా ఒట్టిపోద్ది, ఆ నెలల్లో కూడా లోన్ వాయిదా ఆగదు కదా. రెండు గేదెలుండి ఒకటి ఒట్టిపోయినప్పుడు ఇంకోటి ఇస్తుంటే నడుస్తాది, ఒక్క గేదెతో వాయిదాలు కట్టడం చాలా కష్టం. ఫోన్లో పని అంటే, పెన్సిళ్ల ప్యాకింగ్, టైపింగ్, వీడియోలకి లైకులు, వీటిల్లో ఎక్కడైనా ముందు రిజిస్ట్రేషన్‌కి ఇంత కట్టండి అన్నారంటే అక్కడితో ఫోన్ పెట్టీ. ఎవరైనా ఇప్పటికే కట్టేసి ఉంటే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యమను, డబ్బు ఇంకా దాటిపోకపోతే ఆపే వీలుంటాది.

నీకు నాలుగు సెంట్ల పెరడుంది, నిజం చెప్పాలంటే అదే నీ ఆస్తి. ఒక మునగ, ఒక కరివేపాకు, రెండు బొప్పాయిలు, దడి మీద ఆనపపాదు, బీరపాదు, శ్రావణంలో చిక్కుడు పెడితే సంక్రాంతికి కాస్తాది. ఇవి అమ్మి డబ్బులొస్తాయని కాదు, కూరల ఖర్చు వారానికి రెండు మూడు వందలు తగ్గుతాది. డబ్బులొచ్చేది నాటుకోళ్ల మీద. మేత పెద్ద ఖర్చు కాదు, నూకలు, ఇంట్లో మిగిలింది, మిగతాది అవే ఏరుకుంటాయి. రెండు పెట్టలు, ఒక పుంజుతో మొదలెట్టు, పొదుగు మీదకొచ్చిన పెట్ట కింద పది పన్నెండు గుడ్లు పెడితే 21 రోజులకి పిల్లలు లేస్తాయి. ఆషాఢంలో పొదగేస్తే సంక్రాంతికి ఎదిగి ఉంటాయి, కనుమకి నాటుకోడి రేటు ఎలగుంటాదో నీకు నేను చెప్పక్కర్లేదు, అమ్మవారి పండగలప్పుడు కూడా ఇంటికొచ్చి కొనుక్కెళ్తారు. కాకపోతే ఆషాఢం అంటే వానలు, పిల్లల్ని తడి నేల మీద ఉంచొద్దు, మొదటి నెల గంప కింద పొడి ఊక పోసి ఉంచు, గద్దకీ పిల్లికీ దొరక్కుండా ఉంటాయి.

అందరూ కోళ్లు పెంచి నష్టపోయేం అంటారు, చాలావరకు కొక్కెర తెగులే కారణం, వారంలో పెరడంతా ఖాళీ చేసేస్తాది, వచ్చేక మందు లేదు. పిల్లలకి ఐదు నుంచి ఏడు రోజుల మధ్యలో లసోటా అనే టీకా చుక్క కంట్లో గాని ముక్కులో గాని వెయ్యాలి, నెల వయసప్పుడు ఇంకోసారి, ఎనిమిది వారాలప్పుడు రెక్క కింద ఇంజక్షను. టీకా సీసా ఎక్కువగా 100 డోసులదే దొరుకుతాది, కలిపేక గంట రెండు గంటల్లో వాడేయాలి, ఐసులో పెట్టి తేవాలి, నీ పన్నెండు పిల్లల కోసం సీసా కొనడం దండగ అనిపించి మానేస్తారు జనం. వీధిలో కోళ్లున్న ఇళ్లన్నీ ఒక రోజు అనుకుని ఒక్క సీసా తెచ్చి అందరి పిల్లలకీ వేసేసుకోండి, పశువుల ఆసుపత్రిలో ముందు అడిగితే ఏ రోజు వస్తాదో చెప్తారు. పక్కింటి కోళ్లకి వెయ్యకుండా నీ వాటికి మాత్రమే వేస్తే పూర్తి లాభం ఉండదు కూడా.

కుట్టు మిషను ఉందని రాసేవు, ఎక్కువ రాలేదు. మీ ఊళ్లో జాకెట్లు కుట్టే వాళ్లు ఎలగూ ఇద్దరు ముగ్గురు ఉంటారు, వాళ్లతో రేటు తగ్గించి పోటీ పడకు. ఫాల్స్, జిగ్‌జాగ్, చీర కుచ్చులు పట్టుకో, వాళ్లకి పెళ్లిళ్ల టైములో ఈ చిల్లర పనికి తీరిక ఉండదు, వాళ్లే నీకు పంపిస్తారు. కుచ్చులకి మిషను కూడా అక్కర్లేదు, మధ్యాహ్నం కూర్చుని చేసుకునేదే. రేటు చెప్పేటప్పుడు దారం, పూసల ఖరీదు తీసేసి మిగిలినదాన్ని ఎన్ని గంటలు పట్టిందో దాంతో భాగించి చూడు, గంటకి 30 రూపాయలు కూడా రాని డిజైనైతే మొహమాట పడకుండా వద్దని చెప్పు. శ్రావణం, మాఘంలో పని ఊపిరాడదు, ఆషాఢంలో, పుష్యంలో ముహూర్తాలుండవు కాబట్టి ఖాళీ, ఆ ఖాళీ నెలల్ని ముందే లెక్కలో వేసుకో, శ్రావణంలో వచ్చింది నెల జీతం అనుకోకు.

పలాసలో చుట్టాలున్నారని రాసేవు కాబట్టి ఇంకోటి. జీడిపప్పు గుండ్లు కాకుండా బద్దలు, ముక్కలు చవగ్గా దొరుకుతాయి, పాయసంలోకి ఉప్మాలోకి జనానికి కావాల్సింది అవే. రెండు మూడు కేజీలు తెప్పించి పావుకేజీ ప్యాకెట్లు కట్టి మీ ఆయన కంపెనీలో, బాబు స్కూల్లో టీచర్లకి అడిగి చూడు. 240, 320 అని నంబర్లు చెప్తారు, అది పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, ఎన్ని గుండ్లో, నంబరు చిన్నదైతే గింజ పెద్దది, అది తెలిసుంటే నిన్నెవరూ రేటు దగ్గర ఆటపట్టించలేరు. నడిచేలా ఉంటే ఆహార భద్రత రిజిస్ట్రేషను చేయించు, చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయల ఫీజు. అప్పుగా ఇవ్వకు. జీతం పడ్డాక ఇస్తామనేవాళ్లకి జీతం పడ్డాకే ప్యాకెట్ ఇస్తానని నవ్వుతూ చెప్పు.

అత్తగారి పింఛను 4 వేలు ఇంటి లెక్కలో కలిపి రాసేవు, అది మటుకు విడదియ్యి తల్లీ. మందులూ, గుళ్లో హుండీ, మనవల చేతిలో పెట్టే పది రూపాయలూ ఆవిడ ఇష్టం. కోళ్లకి మొదటి పెట్టుబడి కావాలంటే ఆవిణ్ణే అడుగు, ఇస్తాది, సంక్రాంతికి పుంజు అమ్మిన రోజున ఆవిడ డబ్బు ఆవిడకి ముందు లెక్కపెట్టి ఇచ్చీ. పొద్దున్నే కోళ్లు వదలడం, సాయంత్రం లెక్కపెట్టి గంపెయ్యడం ఆవిడ నీకంటే బాగా చూసుకుంటాది. ఆ గోల్డ్ లోనో డ్వాక్రానో ఏది కుదిరిందో, ఎంత వడ్డీ అన్నారో రాయి, కాగితం మీద ఇంకేమైనా చార్జీలు వేసేరేమో చూసి చెప్తాను.